బ్రిడ్జి కింది పొట్టేళ్ళు

నకిరేకల్,
ఫిబ్రవరి 2024

జీనత్,

బాగున్నావా, మీ ఆయన హమీద్ భాయ్ బాగున్నాడా, బిడ్డ జాహేదా బాగుందా అని మొదలుపెట్టి సగం కాగితం పాడుచేసే ఓపిక ఈసారి నాకు లేదు. అందరూ బాగానే ఉంటారు. మీకేం రోగం? జర నా సంగతి విను.

ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. మా ఇంట్లో ఫోను మా ఆయన అంగీ జేబులో ఉంటుంది. ఎవరు మాట్లాడినా స్పీకరు పెడతాడు. నా కడుపులోని మాట నీకు చెప్పుకుంటే మా అత్త వింటుంది, పాలకొచ్చిన వాళ్ళు వింటారు, చివరికి గొర్లు కూడా వింటాయి. పదో తరగతి అయిపోయి నువ్వు పెండ్లి చేసుకొని పాలమూరు పోయినప్పటి నుంచి మనకు ఉత్తరాలే దిక్కు. ఇప్పుడూ అంతే.

సంగతేమిటంటే మా క్రాస్‌రోడ్డు మీద బ్రిడ్జి కట్టారు. ఇన్నాళ్ళూ హైదరాబాదు కార్లు మా దొడ్డి ముందరే ఆగేవి. దావతు ఉన్నవాళ్ళు, మొక్కు ఉన్నవాళ్ళు, బక్రీదుకు మీవాళ్ళు దిగి, పొట్టేలు వీపు మీద చెయ్యి వేసి చూసి, బేరమాడి తీసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు బండ్లన్నీ మా నెత్తి మీది నుంచి పోతున్నాయి. చప్పుడు వినిపిస్తుంది, గిరాకీ కనిపించదు. మా ఆయన బయట మంచం వేసుకొని పైకి చూస్తూ కూర్చుంటాడు. పొట్టేళ్ళు కూడా పైకి చూస్తాయి. వాటి ముఖమే కొంచెం నయం.

ఇక మిగిలింది దలాల్ దశరథం. జీవాల బేరం ఎట్లా చేస్తారో మా అంగడిలో నువ్వు చూశావు కదా. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. పక్కనే నిలబడ్డ పెండ్లానికి కూడా తెలియదు. దశరథం ఆ తువ్వాల కింద ఏం నొక్కుతాడో ఏమో, చెయ్యి బయటికి తీసేసరికి మా ఆయన ముఖం మాడిపోయి ఉంటుంది.

నిన్న బాంబులాంటి మాట అన్నాడు. "బక్రీదు దాక చూస్త. గటెన్క మందంత దశరథానికే ఇచ్చేస్త. మీ తమ్ముడు నవీన్‌కుమార్ పట్నంల అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ పని సూసిండు. పోదాం" అన్నాడు. మెట్ల కింద గది ఇస్తారట. ఈల వేస్తే మందంతా తిరిగి చూసే మనిషి, గేటు తీసి ఎవరెవరికో సలాం కొట్టాలా? నాకు ఏడుపొచ్చింది జీనత్. గొర్ల దగ్గరికి పోయి ఏడ్చాను. అక్కడైతే ఎవరూ ఎందుకని అడగరు.

మా వాడకట్టు పోరగాడి మాట విని ఒక యాప్‌లో మా పొట్టేళ్ళ బొమ్మలు పెట్టించాను. కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి. తరువాత మా బొమ్మ కిందనే దశరథం తన బొమ్మలు పెట్టాడు. ఒక పొద్దున చూస్తే మా పేజీయే లేదు. జీవాలను అమ్మడం వాళ్ళ రూలుకు కుదరదట! మొన్నటి దాకా కుదిరింది మరి. మీ జాహేదా ఏదో వెబ్‌సైట్లు చేస్తదని రాశావు. అదీ ఇట్లాంటిదేనా? తొందరగా రాయి.

రామమ్మ

---

మహబూబ్‌నగర్,
మార్చి 2024

ఏమే రామమ్మా,

మాకేం రోగం అన్నావు చూడు, అప్పటి నుంచి హమీద్‌కు జలుబు. నీ నోటికో దండం.

యాప్ అంటే కిరాయి జాగా. మా జిరాక్సు దుకాణాన్ని ఎన్నిసార్లు ఖాళీ చేయించారో నీకు తెలుసు. ఒక ఓనరు కొడుక్కి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాలన్నాడు. ఇంకొకాయన మా మిషను ఆగ్నేయంలో ఉండబట్టే తన భార్య అలుగుతోందన్నాడు. ఖాళీ చేసినప్పుడల్లా మా గిరాకీ ఎటు పోవాలో తెలియక పక్క దుకాణంలో దూరేది. నీకూ అదే అయింది. పరాయివాళ్ళ అరుగు మీద కూర్చుంటే, వాళ్ళు లెమ్మన్నప్పుడు లేవాలి, పక్కన ఎవరిని కూర్చోబెట్టినా నోరు మూసుకోవాలి.

వెబ్‌సైటు అంటే నీ పేరు మీద ఉన్న జాగా. ఏడాదికోసారి ఇంటిపన్నులాగా కొంచెం కట్టుకోవాలి, అంతే. అందులో దశరథం వచ్చి కూర్చోలేడు. నువ్వు నిద్రపోయినా అది తెరిచే ఉంటుంది. పట్నంలో ఎవరో ఫోను తీసి 'నకిరేకల్ పొట్టేళ్ళు' అని వెతికితే నీ పేరు, నీ ధర, నీ దొడ్డికి దారి కనిపిస్తాయి. బ్రిడ్జి మీది నుంచి కనిపించకపోతే మానె, ఫోనులో కనిపిస్తావు.

జాహేదా చేస్తానంటోంది. "రామమ్మ ఖాలా దగ్గర పైసలు తీసుకుంటే అమ్మీ నన్ను ఇంట్లోకి రానియ్యదు" అంటోంది. నిజమే, రానియ్యను. నువ్వు పంపవలసినవి: పొట్టేళ్ళ ఫొటోలు, ఎన్ని ఉన్నాయో లెక్క, ధర, దారి, మీ గురించి నాలుగు మాటలు. రంజాన్ మొదలవుతోంది, ఆలోపు పంపు. ఉపవాసంలో నీతో వాదించే బలం నాకుండదు.

మా బీరన్నకు చెప్పే చెయ్యి. దొంగచాటుగా చేస్తే ఆ స్పీకరు ఫోనే నిన్ను పట్టిస్తుంది.

నీ జీనత్

---

నకిరేకల్,
మార్చి 2024

జీనత్,

చెప్పాను. మొదట అస్సలు ఒప్పుకోలేదు. "గాలిల దుకాణమేందే? తలుపు ఏడుంటది? దొంగలు పడ్తె ఎవనికి చెప్పాలె?" అన్నాడు. మా అత్త అయితే "వాన పడ్తె జీవాలు తడుస్తయి, వద్దు బిడ్డా" అన్నది. ఇద్దరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఫొటో దిగే పొట్టేళ్ళను ఆయనే ఏరి తెస్తాడు. నేను వేలు పెట్టకూడదు. సరే అన్నాను. జీవాల సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు కదా.

మా పక్కింటి మల్లేశ్ ఫోనులో ఫొటోలు తీసి జాహేదాకు పంపాం. చేరాయని చెప్పాడు.

ధర నేనే రాయించాను, కిలోకింత అని. తూకం కాటా మీద అందరి ముందు వేస్తామని కూడా రాయి. మా ఆయన "ధర గట్ల బైట పెడ్తరా ఎవరన్న?" అని గొణిగాడు. పెడతాం. ఇన్నేళ్ళు తువ్వాల కింద దాచి ఏం బాగుపడ్డాం?

దారి ఇట్లా రాయి: హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు బ్రిడ్జి ఎక్కొద్దు. ఎక్కితే సూర్యాపేటలో తేలుతారు. ఎడమ పక్క చిన్న రోడ్డు దిగాలి. అక్కడ మంచం మీద కూర్చొని పైకి చూసే మనిషి కనిపిస్తే అదే మా దొడ్డి.

పైన పెద్ద అక్షరాలతో బీరన్న అని మా ఆయన పేరు పెట్టు. మా గురించి నాలుగు మాటలు ఆయనే చెప్పాడు, నేను రాస్తున్నాను: "మాది తాతల కాడికెల్లి జీవాల పని. అబద్ధం చెప్పం. చెప్తె మా బీరప్ప దేవుడు చూస్తడు."

లెక్క మాత్రం అడగకు. ఎన్ని ఉన్నాయంటే, ఉన్నాయి. అంతే రాయి.

రామమ్మ

---

మహబూబ్‌నగర్,
ఏప్రిల్ 2024

రామమ్మా,

ఈద్ సేమియా ఇంకా గొంతు దిగలేదు, నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. తౌబా! ఏం పొట్టేళ్ళే అవి?

రంజాన్ కదా అని జాహేదా నాకు ముందు చూపించలేదు, నువ్వు పంపినవి పంపినట్టు పెట్టేసింది. పండుగ అయినాక నేను తెరిచి చూశాను. మొదటి దానికి సగం చెవి లేదు. రెండోది ఒక కన్ను మూసుకొని ఉంది, నాకు కన్ను కొడుతోందేమో అనుకున్నాను. మూడోది మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోది మనకు చూపిస్తోంది. ఇంకొకదానికి పక్కటెముకలు ఎన్ని ఉన్నాయో ఫొటోలోనే లెక్కపెట్టొచ్చు. హమీద్ చూసి నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపడ్డాడు. పడనీ. మన పరువు సంగతి చెప్పు.

మీ స్పీకరు గోల తెలిసి మా దుకాణం నెంబరు కూడా అందులో పెట్టాం. వచ్చిన ఫోన్లు విను. ఒకాయన "ఏమ్మా, గిది పశువుల దవాఖాననా?" అన్నాడు. ఇంకొకామె మరీ జాలిగా "గా జీవాల మందులకు పైసలు పంపుత, ఏ నెంబరుకు పంపాలె?" అని అడిగింది. నేను ఏం చెప్పాలి? మా చెల్లెలు దానధర్మాల మీద బతకడం లేదమ్మా అన్నాను.

బక్రీదు గిరాకీ కోసమే కదా ఈ తిప్పలన్నీ? చెవి తెగినది కుర్బానీకి పనికిరాదు. గుడ్డిది పనికిరాదు. కుంటిది పనికిరాదు. ఇన్నేళ్ళుగా మావాళ్ళకు అమ్ముతున్న అన్నకు ఈ మాట తెలియదా? మీరు సరిగ్గా వాటినే పెట్టారు. ఏరి ఏరి పెట్టినట్టుంది! మీ దగ్గర మంచి పొట్టేళ్ళు లేకపోతే ముందే చెప్పొద్దా? బిడ్డ ఇన్ని రోజులు కూర్చొని చేసింది.

జీనత్

---

నకిరేకల్,
ఏప్రిల్ 2024

జీనత్,

కోపంల ఉన్న. అందుకే పుస్తకం భాష పక్కన పెట్టి ఇంటి భాషల రాస్తున్న. చదువు.

అవును, ఏరి ఏరే పెట్టినం! మంచి పొట్టేళ్ళు లేవంటవా? మా లోపలి దొడ్డిల ఉన్నయి చూడు, కొమ్ములు తిరిగినయి, వీపు మీద గిన్నె పెడ్తె జారది. తుమ్మకాయ తినిపిచ్చి, కన్నబిడ్డల లెక్క పెంచినం. గసొంటియి లోకం కండ్లల్ల పెడ్తరా ఎవరన్న? దిష్టి తగిలి మేత ముట్టకుండ కూలబడ్తె నీ జాహేదా లేపుతదా? మా మామ ఒక్కసారి మంచి పొట్టేలును జాతరల తిప్పిండు, ఇంటికి రాంగనే పండుకుంది, మల్ల లేవలే. అందుకే మా ఆయన అమ్మని వాటినే ఫొటో దింపిచ్చిండు. అమ్మేటియి దాచిపెట్టాలె, అమ్మనియి చూపెట్టాలె. లెక్క కూడ గందుకే చెప్పం. మంద లెక్క బైట చెప్పినోని మంద నిలువది. గింత మాట నీకు తెల్వదా, మా ఊర్ల పుట్టి పెరిగినదానివి?

దావతులకు మా ఇంట్ల తిన్ననాడు మా పొట్టేలు మంచిగలేదని ఎన్నడన్న అన్నవా? దవాఖాన అన్నడంట ఎవడో, నువ్వు మల్ల అది నాకు రాస్తవు. మా ఆయన ఫోనుకు కూడ వచ్చింది గసొంటి ఫోనే, స్పీకరుల. పాలకొచ్చినోళ్ళంత నవ్విండ్రు. మా ఆయన లేచి లోపటికి పోయిండు. అన్నం తినలే.

దశరథానికి మాట ఇచ్చేసిండు. బక్రీదు ముందటి అంగడికి వచ్చి మందంత తోలుకపోతడు. నవీన్‌కుమార్ ఖాకీ అంగీ కుట్టిచ్చి పంపిండు కూడ. కొలత సరిపోయింది. నాకు గదే బాధ.

నీ వెబ్‌సైటు వద్దు, ఏం వద్దు. పీకేయమను.

రామమ్మ

---

మహబూబ్‌నగర్,
మే 2024

రామమ్మా,

నీ ఉత్తరం జాహేదాకు చదివి వినిపించాను. నా బుద్ధిని ఏమనాలి? ఫొటో చూసి నవ్వాను గానీ, ఎందుకు అట్లా అని ముందు నిన్ను అడగలేదు. అన్న అన్నం తినలేదన్న చోట నాకు ఏడుపొచ్చింది. తప్పు నాది, మాఫ్ చెయ్యి.

కానీ పీకెయ్యను. నీ ఇల్లు నేనెట్లా పీకేస్తాను? ఫొటోలు కూడా మార్చము. ఒక్క మంచి పొట్టేలు బొమ్మ కూడా అడగను. జాహేదా ఫొటోల కింద కొన్ని మాటలు రాసింది. నువ్వు కోపంలో రాసినవే, కొంచెం సర్ది రాసింది. సొంత జాగా కదా, మన మాట మనం చెప్పుకోవచ్చు, ఎవరి రూలూ అడ్డం రాదు.

అంగడి రోజు దాకా ఆగమని అన్నకు చెప్పు. అంతకన్నా ఏమీ అడగను.

జీనత్

---

నకిరేకల్,
జూన్ 2024

నా జీనత్,

కూర్చొని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

అంగడి రోజు పొద్దున, దశరథం కోసం మా ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఆ రోజు పైకి కూడా చూడటం లేదు. చిన్న రోడ్డు దిగి ఒక కారు వచ్చింది. తెల్లగడ్డం పెద్దాయన దిగాడు, వెంట ఇద్దరు తమ్ముళ్ళు. నవీద్ సాబ్ అట, మలక్‌పేట. నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చి "బీరన్న అంటే మీరేనా?" అని అడిగాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. ఏదైనా తప్పు చేశానేమో అన్నట్టు "నేనే" అన్నాడు.

పెద్దాయన ఫోను తీసి పైకి చదివాడు. "ఈ ఫొటోలలో ఉన్నవి అమ్మకానికి కాదు. ఇవి మేము సాకుతున్న బలహీనమైన జీవాలు. మంచివాటిని దిష్టి తగులుతుందని ఎవరికీ చూపించం, ఎన్ని ఉన్నాయో చెప్పం. కావలసినవారు వచ్చి తమ కళ్ళతో చూసుకోండి."

చదివి నవ్వాడు. "అందరు ఫొటోల షేర్లను, సింహాలను చూపిస్తరు, పోతె మేకలుంటయి. మా ఖాన్‌దాన్‌ల ఇది చూసి ఎంత నవ్విండ్రో! కుంటిదాన్ని ముంగట పెట్టి, గిది అమ్మను అని చెప్పెటోడు, మంచిదాన్ని ఎట్ల చూసుకుంటడో చూద్దామని వచ్చిన. జర చూపిస్తరా?"

మా ఆయన నా ముఖం చూశాడు. నేను లోపలి దొడ్డి తడిక తీశాను. జీనత్, ఆ పెద్దాయన అంగీ చేతులు మడిచి లోపలికి దిగాడు. ఏడాది దాటి రెండు పెద్ద పండ్లు వచ్చిన పొట్టేళ్ళను ఒక్కొక్కదాన్ని నోరు తెరిచి చూశాడు, చెవులు చూశాడు, నడిపించి చూశాడు. "మాషా అల్లా, మాషా అల్లా" అంటూనే ఉన్నాడు. ఆ మాట అంటే దిష్టి తగలదని ఆయన తమ్ముడు చెప్పాడు. అప్పుడు మా ఆయన కుదుటపడ్డాడు.

అంతలో దశరథం లారీతో దిగాడు. గిరాకీని చూడగానే తువ్వాల తీసి, నేరుగా నవీద్ సాబ్ చేతి మీద కప్పబోయాడు, మధ్యలో దూరి తనే బేరం చేద్దామని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకొని "గీ ఉక్కపోతల తువ్వాల ఎందుకు భాయ్? ధర గిండ్లనే ఉంది గద" అని ఫోను చూపించాడు. దశరథం వంగి చదివాడు. చదివి నా దిక్కు చూశాడు. నేను పైకి, బ్రిడ్జి దిక్కు చూశాను.

ఆ మధ్యాహ్నానికి ఇంకా కార్లు వచ్చాయి. ఆ మాటలు పట్నంలో ఒకరి నుంచి ఒకరికి పోయాయట. పిల్లలు చెవి తెగిన పొట్టేలుతో సెల్ఫీలు దిగారు. దానికి ఎక్కడలేని పేరు వచ్చింది. "ఎంతన్న దింపుకోండ్రి, దానికేం కాదు" అని మా ఆయనే పట్టుకొని నిలబడ్డాడు. దశరథం లారీ ఖాళీగా పోయింది.

సాయంత్రం మా ఆయన నన్ను అడిగాడు, "ఎంతమంది చూసిండ్రే మన దాన్ని?" మల్లేశ్ ఫోనులో చూసి చెప్పాడు. మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "గంతమంది కండ్లా! దానికి దిష్టి తగుల్తది. నిమ్మకాయ, మిరపకాయలు కట్టుమని జాహేదాకు చెప్పు" అన్నాడు. కట్టడానికి వీలవుతుందా? వీలైతే కట్టమను, లేకపోతే ఆయన నన్ను పండుకోనియ్యడు.

ఒక్కటే భయం. ఖాకీ అంగీ ఇంకా దండెం మీదనే ఉంది. పోతామా, ఉంటామా అని అడిగితే లేచి గొర్ల దగ్గరికి పోతాడు. ఒక్క బక్రీదు గిరాకీతో మనసు మారుతుందా?

రామమ్మ

---

మహబూబ్‌నగర్,
జూన్ 2024

రామమ్మా,

నిమ్మకాయ కట్టింది. పేజీ పై మూలన ఊగుతూ ఉంటుంది. ఒక గంట పట్టిందట, ఇన్నేళ్ళలో ఎవరూ అడగని పని అడిగారని మురిసిపోతోంది. మా వీధిలో టెంట్ హౌజ్ సత్తమ్మ కూడా తనకొకటి చెయ్యమంటోంది, నిమ్మకాయతో సహా.

పండుగ బాగా అయింది. హమీద్ నీకు సలాం చెప్పమన్నాడు. బోనాలకు పొట్టేళ్ళు కావాలని మా నెంబరుకు కూడా ఫోన్లు వస్తున్నాయి. వాళ్ళకు నేనేం చెప్పాలి? ఉన్నారని చెప్పాలా, వెళ్ళిపోతున్నారని చెప్పాలా? నువ్వు రాయడం లేదు. నాకు భయంగా ఉంది. అన్నను గట్టిగా అడుగు.

ఇంకొక మాట. చాలామంది "బీరన్న ఎట్లుంటడు? ధర చెప్పే ఆ అమ్మ ఎట్లుంటది?" అని అడుగుతున్నారట. మనిషి ముఖం కనిపిస్తే నమ్మకం ఎక్కువ అంటోంది జాహేదా. మీ ఇద్దరి ఫొటో ఒకటి పంపు. మంచి చీర కట్టుకో.

నీ జీనత్

---

నకిరేకల్,
జూలై 2024

జీనత్ చెల్లెకు,

నేను బీరన్న రాస్తున్న. ఐదో తరగతి తర్వాత పెన్ను పట్టింది గిప్పుడే, తప్పులుంటె ఏమనుకోకు. రామమ్మ రాస్తనంటె నేనే వద్దన్న. గీ ఉత్తరం రాస్తున్నట్టు ఆమెకు తెల్వది. మల్లేశ్‌తోని పోస్టు డబ్బాల ఏపిస్తున్న.

పట్నం పోతలేం. నిన్న నవీన్‌కుమార్ వచ్చి ఎందుకు రావు బావా అని మస్తు కోపం చేసిండు. ఖాకీ అంగీ ఆయన చేతిల పెట్టిన. ఏం చెప్పాలె నేను? పనికి పోవుడు నాకు చిన్నతనం కాదు చెల్లె. కని మే నెలల నవీన్‌కుమార్‌తోని పోయి గా అపార్ట్‌మెంటు చూసొచ్చిన నాడు, అందరు నన్ను వాచ్‌మన్ వాచ్‌మన్ అనే పిలిచిండ్రు, పని ఎక్కకముందే. ఒక్కరు పేరు అడగలే. మలక్‌పేట పెద్దమనిషి కారు దిగంగనే బీరన్న అంటె మీరేనా అన్నడు. నన్ను ఎరగని మనిషి, నా పేరు ఎరికె ఉండి వచ్చిండు. గా రాత్రే అనుకున్న పోనని. రామమ్మకు చెప్తె ఏడుస్తదని చెప్పలే. నిన్న చెప్పిన, ఏడ్సింది.

బోనాలకు ఫోన్లు చేసెటోళ్ళకు ఉన్నమని చెప్పు. గట్టిగ చెప్పు.

ఫొటో సంగతి. రామమ్మ పట్టుచీర తీసి పెట్టుకుంది, తల దువ్వుకుంది, మల్లేశ్‌ను పిలిచింది. నేను మల్లేశ్ ఫోను దాచిపెట్టిన. నాతోని మాట్లాడుతలేదు. మాట్లాడకుంటె మానె.

నా ఫొటో గీ ఉత్తరంల పెట్టి పంపుతున్న. నాదొక్కటి పెట్టుండ్రి, ఎంతమంది చూసిన నాకేం కాదు. రామమ్మది పెట్టొద్దు.

బీరన్న